ఆన్‌లైన్ స్టాటిస్టిక్స్‌కు వారానికి రెండు గంటల ల్యాబ్ కావాలి



డిగ్రీలో స్టాటిస్టిక్స్ మొదటి పేపరును ఆన్‌లైన్‌లో చదివే వీలు ఇప్పుడు మన పిల్లలకు ఉంది. ఆన్‌లైన్ కోర్సులు అందించే స్వయం పోర్టల్ 2017లో మొదలైంది. ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా దాని ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధనలు చేసింది. స్టాటిస్టిక్స్ లెక్చరర్ లేని కాలేజీకి ఇది పెద్ద అండ. ఐఐటీ ప్రొఫెసర్ చెప్పే పాఠాన్ని నర్సీపట్నంలోనో ఆదిలాబాద్‌లోనో కూర్చుని ఉచితంగా వినే అదృష్టం మా తరానికి దక్కలేదు. ఆ పాఠాలు ఉండాలి, ఇంకా పెరగాలి. వాటికి తోడుగా ప్రతి వారం రెండు గంటలు కాలేజీలోనే, ఒక మెంటార్ ఎదుట పిల్లల చేత పని చేయించాలి. ఆ రెండు గంటలు టైంటేబుల్‌లో ఉండాలి. మేం అడిగేది ఇదే.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. వీడియోను రెట్టింపు వేగంతో తిప్పేస్తున్నారు. అసైన్‌మెంట్ గడువు దగ్గర పడేసరికి టెలిగ్రామ్ గ్రూపుల్లో జవాబులు తిరుగుతున్నాయి, వాటిని చూసి టిక్కులు పెడుతున్నారు. స్వయంలో ఐఐటీల పాఠాలు నడిపే ఎన్‌పీటీఈఎల్ పద్ధతిలో అసైన్‌మెంట్లకు 25, పర్యవేక్షణలో రాసే పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్ పాతిక అలా వచ్చేస్తుంది, మిగతాదానికి పాత ప్రశ్నలు తిరగేస్తారు. సర్టిఫికెట్ చేతికి వస్తుంది. పిల్లలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. అడిగేవాళ్లు, వినేవాళ్లు లేని చదువు ఎవరి చేతిలోనైనా ఇలాగే అవుతుంది.

‘పీ విలువ 0.05 కన్నా తక్కువైతే పరికల్పనను తోసిపుచ్చాలి’ అన్న వాక్యం కోర్సు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ నోటికి వస్తుంది. ఇంతకీ ఆ విలువ దేన్ని కొలుస్తుందని అడగండి. పరికల్పన నిజమయ్యే అవకాశాన్ని అని ఎక్కువమంది చెబుతారు. అది తప్పు. పరికల్పన నిజమనే అనుకున్నప్పుడు, మనకు వచ్చినంత తేడాగానీ అంతకు మించిన తేడాగానీ కనబడే సంభావ్యతే పీ విలువ. చదువుకున్న పరిశోధకులు కూడా ఇక్కడ పొరబడుతున్నారనే అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసి, ఈ సంగతి స్పష్టం చేసింది. ఇలాంటి పొరపాటు విద్యార్థి తన సొంత మాటల్లో చెప్పినప్పుడే బయటపడుతుంది. వీడియోకు ఆ మాటలు వినబడవు.

ఎదురుగా అడిగిన ప్రశ్న ఎంత దూరం పోగలదో చెప్పడానికి మన తెలుగువాడే సాక్షి. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. అక్కడ పాతికేళ్లయినా నిండకుండానే పాఠాలు చెబుతున్నారు. పెద్ద నమూనాలకు వర్తించే ఒక ఫలితం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. ఆ విద్యార్థి తర్వాత ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్న వి.ఎం. దండేకర్. ఆ రాత్రే కూర్చుని రావుగారు సాధించిన జవాబు 1945లో అచ్చయింది. ప్రపంచం దాన్ని క్రామర్-రావ్ అసమానత అంటోంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చినప్పుడు పేర్కొన్న కృషిలో ఆ 1945 నాటి వ్యాసమే ముఖ్యమైనది.

ఒంటరిగా చదివే ఆన్‌లైన్ కోర్సుల గతి ఏమిటో హార్వర్డ్, ఎంఐటీల అనుభవం చూపిస్తోంది. 2017-18లో వాటి ఉచిత కోర్సుల్లో చేరినవారిలో పూర్తిచేసింది దాదాపు 3 శాతం. డబ్బు కట్టి ధ్రువపత్రం కోసం చేరినవారిలో మాత్రం అది 46 శాతం. డబ్బు కట్టడం వల్లే చదివారని దీన్నుంచి తేల్చకూడదు. పట్టుదల ఉన్నవాళ్లే డబ్బు కట్టి ఉండవచ్చు. ఏ శాతాన్ని చూసినా ‘ఎవరిలో ఇంత శాతం?’ అని ముందు అడగాలి. ఈ అలవాటే మొదటి పేపరు నేర్పవలసింది.

మరి ఆ రెండు గంటల్లో ఏం చేయించాలి? ఊళ్లో ఉన్నదే చేయించండి. పంట కోత ప్రయోగాలు ఏటా జరుగుతాయి. యాదృచ్ఛిక సంఖ్యలతో పొలాన్ని ఎంచుతారు, అందులో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల మడిని గుర్తించి కోసి, నూర్చి, గింజ తూస్తారు. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు, అంటే అలాంటి మడులు 162. తూకంలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరా దిగుబడి 162 కిలోలు మారిపోతుంది. పంటల బీమా పరిహారం ఈ దిగుబడి లెక్క మీద ఆధారపడుతుంది. గట్టు పక్కన చేను బాగుందని అక్కడే కోస్తే ఏమవుతుంది? ఊరికి నాలుగు కోతలు చాలతాయా? చాలతాయో లేదో ఎలా తెలుసుకోవాలి? రైతు బిడ్డకు నమూనా, పక్షపాతం, ప్రామాణిక దోషం ఇక్కడ అర్థమైనంతగా ఏ స్లైడులోనూ అర్థం కావు. ఇంగ్లిష్ వీడియోలో సగమే అందిన విద్యార్థి ఇక్కడ తెలుగులో నోరు విప్పి వాదిస్తాడు.

మనుషులు లేరు, డబ్బు లేదు అంటారు. మెంటార్‌గా స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీయే ఉండనక్కర్లేదు. గణితం లెక్చరరో ఎకనామిక్స్ లెక్చరరో కొద్దిపాటి శిక్షణతో ఈ పని చేయగలరు. కంప్యూటర్ ల్యాబ్ దాదాపు ప్రతి కాలేజీలో ఉంది. ఆర్, లిబ్రేఆఫీస్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. స్వయం మార్కులను కాలేజీ మార్చలేకపోవచ్చు, కానీ ఆ కోర్సుకు జోడుగా ఒక క్రెడిట్ ప్రాక్టికల్ పెట్టడం బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేయగల పనే. మన క్రెడిట్ లెక్క ప్రకారం వారానికి రెండు గంటల ప్రాక్టికల్ అంటే సరిగ్గా ఒక క్రెడిట్. మార్కులు రికార్డు పుస్తకానికి వేయవద్దు. విద్యార్థి సొంతంగా సేకరించిన లెక్కల మీద పది నిమిషాలు ఎదురుగా ప్రశ్నించి వేయండి.

గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజైన జూన్ 29ని 2007 నుంచి గణాంక దినోత్సవంగా జరుపుతున్నాం. ఈసారి ఉపన్యాసాలు తగ్గించి, పిల్లలు చేసిన లెక్కలను ఊరివాళ్ల ముందు పెట్టండి.

విద్యార్థులారా, ఆన్‌లైన్ స్టాటిస్టిక్స్ చదువుతున్న మీరంతా కలిసి ప్రిన్సిపాల్‌గారికి అర్జీ ఇవ్వండి. ప్రతిని విశ్వవిద్యాలయ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు పంపండి. తల్లిదండ్రులారా, కాలేజీలో చేర్పించేటప్పుడే ‘ఈ పేపరుకు మెంటార్ ఎవరు, ఏ రోజు, ఏ గంట?’ అని అడగండి. జవాబు రాకపోతే మళ్లీ అడగండి.