సోకు కోసమే అయినా గాయం గాయమే

మా పిన్ని కూతురు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది, పోయిన వేసవిలో రొమ్ములకు ఆపరేషన్ చేయించుకుంది. జబ్బేమీ లేదు. ఇంప్లాంట్లు పెట్టించుకుంది. "దీని గురించి రాయనా?" అని అడిగితే "రాయక్కా, పేరు మాత్రం పెట్టకు" అంది. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

ఆపరేషన్ సంగతి మొదట చెప్పినప్పుడు నా నోట వచ్చిన మాట, "ఇద్దరు పిల్లల తల్లివి, ఇప్పుడెందుకే ఈ సోకు?" అని. అది ఏమీ అనలేదు. రాత్రి పిల్లలు పడుకున్నాక చెప్పింది. చిన్నప్పటి నుంచీ దానికి ఒకవైపు రొమ్ము సరిగా ఎదగలేదట. ఇరవై ఏళ్లుగా ఆ వైపు కప్పులో మడిచిన జేబురుమాలు పెట్టుకునే జాకెట్టు తొడుక్కుందట. పెళ్లిళ్లలో వంగి వడ్డించాలంటే అది ఎక్కడ జారుతుందోనని భయమట. వేసవి సెలవులన్నీ ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్లం. నాకు తెలియనే లేదు.

అత్తగారికి చెప్పే ధైర్యం లేక, ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు మా ఇంట్లోనే ఉంది. మే నెల, బెజవాడ ఎండలు. ఆసుపత్రిలో తొడిగి పంపిన బ్రా ఒక్కటే. రాత్రీ పగలూ వేసుకునే ఉండాలన్నారు. మూడో రోజుకే చెమటతో తడిసి ముద్దయింది. ఉతికితే వేసుకోవడానికి ఇంకోటి లేదు. ఇంకో రెండు తెస్తానని నేను బజారుకి బయల్దేరాను.

కౌంటర్ వెనక ఒక కుర్రాడు. "సైజు ఎంత మేడమ్?" అన్నాడు. నాకు తెలియదు. "ఆపరేషన్ అయింది, ముందువైపు హుక్కులున్నవి, వైరు లేనివి కావాలి" అని గొంతు తగ్గించి చెప్పాను. పిల్లలకి పాలిచ్చేవాళ్ల బ్రా చూపించాడు. కాదన్నాను. తల మీదుగా వేసుకునే స్పోర్ట్స్ బ్రా చూపించాడు. చేతులు పైకి ఎత్తకూడదురా నాయనా అంటే, చివరికి వైరూ ప్యాడూ ఉన్నది తీసి "ఇదే మేడమ్ బాగా నిలబెట్టేది" అన్నాడు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు నన్ను ఎగాదిగా చూశారు. ఏమీ కొనకుండానే బయటపడ్డాను.

ఆ సాయంత్రం మా పెద్దమ్మ ఫోన్‌లో అంది: "ఏరికోరి చేయించుకుంది కదమ్మా, ఓర్చుకోవాలి మరి." నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ మాట గురించే.

మన ఇళ్లలో బాలింతకి నడికట్టు కట్టేటప్పుడు ఎంత చూస్తాం! గుడ్డ మెత్తగా ఉందా, బిగువు సరిపోయిందా, ఊపిరి ఆడుతోందా అని నలుగురం అడుగుతాం. మరి కుట్లు పడిన ఛాతీకి కట్టే బట్ట గురించి మాట్లాడాలంటే గొంతు ఎందుకు తగ్గాలి? సిలికాన్ ఇంప్లాంట్లు మొదటిసారి పెట్టింది 1962లో, అమెరికాలో. అరవై ఏళ్లు దాటింది. ఆపరేషన్ మన ఊళ్లకీ వచ్చేసింది. దాని తర్వాత ఏం వేసుకోవాలన్న మాట మాత్రం ఇంకా మన నోళ్లలోకి రాలేదు.

మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఒక నర్సమ్మ ఓపికగా చెప్పింది. వింటే అంతా ఇంగితమే. ఈ ఆపరేషన్‌లో చాలామందికి కోత రొమ్ము కింది మడతలో ఉంటుంది. వైరు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. పైగా కొన్నాళ్లు ఆ చోట స్పర్శ తక్కువగా ఉంటుంది కాబట్టి వైరు ఒరుసుకుపోతున్నా తెలియదు. అందుకే కోత పూర్తిగా మానేదాకా, సాధారణంగా ఆరు వారాలైనా, వైరు వద్దంటారు. చేయి పైకీ వెనక్కీ వెళ్లదు కాబట్టి ముందువైపు హుక్కులో జిప్పో ఉండాలి. రొమ్ము కింద వచ్చే పట్టీ వెడల్పుగా, పైకి చుట్టుకుపోకుండా ఉండాలి. లోపలివైపు కుట్లు, లేసులు గరుగ్గా తగలకూడదు. బిగువు ఆనినట్టు ఉండాలి గానీ నొక్కినట్టు కాదు. కింద రెండు వేళ్లు దూరాలి, ఊపిరి నిండుగా పీల్చగలగాలి. ఇది ఒక అంచనా మాత్రమే. కొందరు డాక్టర్లు పైన ఇంకో పట్టీ కట్టమంటారు, కొందరు కొన్నాళ్లు బ్రానే వద్దంటారు. కోసిన డాక్టరు మాటే ఆఖరి మాట. ఒకవైపే ఉన్నట్టుండి వాచినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా, బ్రా బిగువేమో అని సర్దుకుంటూ కూర్చోకుండా వెంటనే ఫోన్ చేయమంది.

ఇంకో మాట కూడా చెప్పింది. వాపు తగ్గి రొమ్ములు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా కొత్త సైజు వచ్చిందన్న ముచ్చటతో ఖరీదైనవి అరడజను కొనేయొద్దు, మూడు నెలలు ఆగండి అని. మా చెల్లి అప్పటికే ఫోన్‌లో నాలుగు ఎంచి పెట్టుకుంది పాపం! అవి తీసేసి, మెత్తటి నూలువి, ముందు జిప్పున్నవి రెండు తెప్పించాం. మొదట ఒకటే తెప్పించి సరిపోయాకే రెండోది. లోదుస్తులు చాలాచోట్ల వెనక్కి తీసుకోరు మరి.

అవి ఆరేసే దగ్గర మళ్లీ పేచీ. నేను అలవాటు కొద్దీ దండెం మీద చీర వేసి, దాని కింద కనపడకుండా ఆరేశాను. సాయంత్రానికి తడి తడిగానే ఉన్నాయి. ఆ తడిది కుట్ల మీద వేసుకుంటే ఏమవుతుంది? మామూలు రోజుల్లోనే మనలో ఎంతమందికి రొమ్ముల కింద చెమట పొక్కులు, దురద! ఎండలో ఆరాల్సిన బట్టని నీడలో దాచి, తర్వాత పౌడరు చల్లుకుంటాం. మర్నాటి నుంచి చీర తీసేశాను. మా ఆయన ఒకసారి చూసి పేపరు చదువుకున్నారు. కొంపలేమీ మునగలేదు.

ఇదంతా చదివి, ఈవిడ ఆపరేషన్లు చేయించుకోమని చెబుతోందా అనుకోకండి. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు. తర్వాతెప్పుడో మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు. రేపు నా కూతురు అడిగితే నేను పదిసార్లు ఆలోచించుకోమనే అంటాను. కానీ ఆ వాదన ఆపరేషన్‌కి ముందు జరగాల్సింది. అయిపోయాక మన ముందు ఉన్నది కుట్లున్న మనిషి. కోరి తెచ్చుకున్నా కోరకుండా వచ్చినా కుట్లు ఒక్కలాగే సలుపుతాయి. అప్పుడు దెప్పడం వల్ల ఆవిడ మనసు మారదు, మనతో చెప్పుకోవడం మానేస్తుంది, అంతే. మా చెల్లి ఇరవై ఏళ్లు చెప్పుకోకుండా గడిపింది చాలదూ?

మూడు నెలలయ్యాక కొలతలు తీసుకోవడానికి అది మళ్లీ వచ్చింది. టేపు రొమ్ముల కింద చుట్టూ ఒకసారి, నిండుగా ఉన్నచోట చుట్టూ ఒకసారి. కింది కొలత పట్టీ సైజు. రెంటికీ తేడా అంగుళమైతే ఎ కప్పు, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. కంపెనీకీ కంపెనీకీ కాస్త తేడా ఉంటుంది కాబట్టి వాళ్ల పట్టిక చూసుకోవాలి. బరువు మోయాల్సింది కింది పట్టీ, భుజాల పట్టీలు కాదు. దానిది అయ్యాక "నువ్వూ రా అక్కా" అని నాకూ చుట్టింది. ఇరవై రెండేళ్లుగా నేను 38 కొంటున్నాను. నాది 34డి అట! కింద వదులై, బరువంతా భుజాల మీద పడి, అక్కడ గాళ్లు పడ్డాయి. మెడ నొప్పికి ఎన్ని నూనెలు రాశానో.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసింది. అవీ ఇవీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి, "ఆ ముందు జిప్పుది ఎక్కడ దొరుకుతుందే? నాకు చేతులు వెనక్కి వెళ్లడం లేదు" అంది. సైజు ఎంత అని అడిగాను. "ఏమోనే" అంది. ఆదివారం టేపు తీసుకుని వస్తానని చెప్పాను.