ఆకాశంల మందులు సరే.. అవ్వ చేతికి బీపీ గోలీ ఏది?

2021 సెప్టెంబర్ 11 యాదికుందా? మన వికారాబాద్‌ల మందుల డ్రోన్లు ఎగిరినయ్. 'మెడిసిన్స్ ఫ్రమ్ ది స్కై' అని కేంద్రమంత్రి జ్యోతిరాదిత్య సింధియా, అప్పటి రాష్ట్ర మంత్రి కేటీఆర్ షురూ చేసిండ్రు. ఫోన్ల ఆ వీడియో చూసి నేను గూడ మురిసిన.

గని మన ఇండ్లల్ల రోజూ కావాల్సింది ఒక చిన్న గోలీ. పేరు ఆమ్లోడిపిన్. రక్తనాళాలను వదులు చేసి బీపీ దించుతది. గుండెకు రక్తం మంచిగ అందేటట్టు చేసి, ఛాతి నొప్పి మళ్ల మళ్ల రాకుంట చూస్తది. అందరికీ అవసరమైన మందుల జాతీయ జాబితాల ఉంది, ధర మీద సర్కారు అదుపుంది. సర్కారు దవాఖానల పైసల్లేకుంటనే ఇస్తరు.

మరి తిప్పలెక్కడ? ఆగకుంట అందుట్ల. తాండూరు నాపరాయి పాలిషింగ్ కాడ పనిచేసేటోళ్లను, కంది చేన్లకు పోయేటోళ్లను పది పదిహేను రోజులకోసారి రమ్మంటే ఎట్ల? గోలీ ఫ్రీనే, గని ఆ దినం కూలి ఎవరిస్తరు? ఆటో కిరాయి ఎవరిస్తరు? అందుకే "తలకాయ నొస్తలేదు గదా" అని బంద్ పెడతరు. బీపీకి నొప్పి ఉండాలని లేదు. గోలీ ఆపితే మెల్లగ మళ్ల పెరుగుతది. పక్షవాతమో, గుండెపోటో వచ్చినంకనే తెలుస్తది.

దేశంల బీపీ అదుపు కార్యక్రమం 2017ల మొదలైతే, మొదటి ఐదు రాష్ట్రాలల్ల తెలంగాణ ఒకటి. దాని పద్ధతి సీదా: మందు ఇంటికి దగ్గర్ల దొరకాలె, రానోళ్లను పేరు పేరున అరుసుకోవాలె. నేనడిగేది గదే. పల్లె దవాఖానల ఒక్కసారే 30 దినాల గోలీలియ్యాలె. ఎంత స్టాకుందో గోడ మీద రాయాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, మన పని గూడ ఉంది. ఇయ్యాల అమ్మ గోలీల పట్టీ తీసి లెక్కపెట్టుండ్రి. కాళ్లు వాస్తున్నయంటే సొంతంగ ఆపకుండ్రి, డాక్టర్‌కు చెప్పుండ్రి. ఉన్నట్టుండి ఛాతిల గట్టిగ నొస్తే ఈ గోలీ మీద భరోస పెట్టకుండ్రి, 108కు ఫోన్ కొట్టుండ్రి.

డ్రోన్ ఎగిరిన దినం అందరం చూసినం. పట్టీల ఆఖరి గోలీ అయిపోయిన దినం ఎవరు చూస్తున్నరు?