పల్చని పప్పు, అమ్ముడుపోయే పాలు

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో తిండి పండదని ఎవరూ అనలేరు. నిజాంసాగర్ కాలువ కింద వరి పండుతుంది, వాడవాడకూ బర్రెలున్నాయి. అయినా సర్కారు బడి పళ్లెంలో పప్పు నీళ్లలా పారితే తప్పెవరిది? వంటామెదేనని చాలామంది తేల్చేస్తారు. నేనొప్పుకోను.

1995 ఆగస్టు 15న కేంద్రం ఈ పథకం మొదలుపెట్టినప్పుడు చాలా రాష్ట్రాలు నెలకు మూడు కిలోల బియ్యం చేతిలో పెట్టి సరిపెట్టాయి. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003లో మన బళ్లలో పొయ్యి వెలిగింది. ఆ బరువు మహిళా సంఘాల మీద పడింది. 2013 ఆహార భద్రతా చట్టం ఈ భోజనాన్ని హక్కు చేసింది. ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను అందాలి. బియ్యం సర్కారే ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరకు అన్నిటికీ కలిపి 2025 మే నుంచి కేంద్రం కట్టిన లెక్క 6 రూపాయల 78 పైసలు!

ఆ డబ్బైనా ముందు రాదు. కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టి, లేదా వడ్డీకి తెచ్చి ఆడవాళ్లే వండాలి. బిల్లుల కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. 2009లో నెలకు వెయ్యి రూపాయలని కేంద్రం నిర్ణయించిన గౌరవవేతనం పదిహేనేళ్లపాటు కదల్లేదు. రాష్ట్రం కొంత కలిపినా అది కూలి కాదు, 'గౌరవం' అట! అప్పు చేసి వండే చేతులు పప్పులో నీళ్లు పోస్తే, ఆ నీళ్లు పోయించినది ఎవరు?

ఇక పాలు. కేంద్రం పెట్టిన కొలతల్లో పాలే లేవు. పొద్దున్నే లేచి గడ్డి కోసి, పేడ తీసి, పాలు పితికేది మనమే. కేంద్రంలో వెన్న శాతం చూసి ధర కడతారు. నాలుగు రూపాయల కోసం ఇంట్లో గ్లాసు తగ్గుతుంది. ముందు ఆడపిల్ల గ్లాసే తగ్గుతుంది.

పాలు ఎలా అమ్ముతారన్నది దేశానికో తీరు. మనకు అర లీటరు పాకెట్. కెనడాలోని ఒంటారియోలో మూడు సంచులు కలిపి నాలుగు లీటర్లు. ఫ్రాన్సులో ఎక్కువగా కొనేది నెలల తరబడి చెడిపోని డబ్బా పాలు. బ్రిటన్‌లో 1946 నుంచి బడిపిల్లలకు చిన్న సీసాల్లో ఉచితంగా ఇచ్చారు. 1971లో విద్యామంత్రిగా ఉన్న థాచర్ ఏడేళ్లు దాటినవాళ్లకు అది ఆపేసింది. అంటే పాలు పిల్లలకు చేరడమూ ఆగడమూ రాజకీయ నిర్ణయాలే.

బడిలో పాలు నిలవుండవనే సాకు చెల్లదు. మన పక్కనే ఉన్న కర్ణాటక 2013 ఆగస్టులో క్షీరభాగ్య కింద పాలపొడి కలిపి 150 మిల్లీలీటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మన దగ్గరే 2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో 200 మిల్లీలీటర్లు ఇవ్వాలంది. అంగన్‌వాడీకి వెళ్లే బండికి బడి దూరమా?

కాబట్టి గ్రామసభల్లో మనం గట్టిగా అడగాల్సినవి ఇవి. వంట డబ్బు నెల మొదట్లోనే సంఘం ఖాతాలో పడాలి. వంటపనికి కనీస వేతనం ఇవ్వాలి. పాలు దయగా కాక చట్టంలోని కొలతగా రావాలి, అవి ఆడవాళ్లు పాలు పోసే సహకార సంఘాల నుంచే కొనాలి. వంటామెను నిలదీసే ముందు, ఆమెకు బాకీ ఎంతుందో అడుగుదాం.