అక్కాచెల్లెళ్ల కార్లు... మనింటికి ఏది?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడైతే కారు కొని చూడు అని కూడా చేర్చుకోవాలేమో! తిరుపతి, చిత్తూరు మధ్యతరగతి ఇళ్లలో కొంతకాలంగా ఇదే చర్చ. చిన్న కారు చాలడం లేదు. అయిదుగురూ ఇరుక్కోకుండా కూర్చోవాలి, తిరుమల ఘాట్ ఎక్కినా బండి ఆయాసపడకూడదు. ఇక్కడిదాకా అందరిదీ ఒకే మాట. ఆ తర్వాతే పేచీ. ఆయన "క్రెటా" అంటారు. "సెల్టోస్ మన సీమలో తయారయ్యేది కదా, అదే తీసుకోండి నాయనా" అంటారు మామగారు. ఇల్లాలి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఒక్కటే ప్రశ్న, "రంగు ఏది బాగుంటుంది?"

పదిహేను లక్షల వ్యవహారంలో మన వంతు రంగు ఎంచడమేనా? అయిదేళ్లో ఏడేళ్లో వాయిదాలు కట్టేది ఇంటి ఖర్చుల్లోంచే. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లేదీ మనమే. అందుకే ఈ లెక్కలు మనకూ తెలియాలి.

ఒకే పిండి, రెండు దోసెలు

ముందు ఈ రెండు కార్ల చుట్టరికం సంగతి. దక్షిణ కొరియాలో 1997లో దివాలా తీసిన కియాను 1998లో హ్యుందాయ్ కొనుక్కుంది. ఇప్పటికీ కియాలో సుమారు మూడో వంతు వాటా హ్యుందాయ్‌దే. షోరూములు వేరు, ఫ్యాక్టరీలు వేరు, ప్రకటనలు వేరు. లోపల మాత్రం చాలావరకు ఒకటే. 2019 ఆగస్టులో సెల్టోస్, 2020 మార్చిలో రెండో తరం క్రెటా వచ్చినప్పుడు రెండింటికీ అవే ఇంజన్లు: 1.5 లీటర్ల పెట్రోలు, 1.5 డీజిలు, 1.4 టర్బో పెట్రోలు. తర్వాత 1.4 టర్బో పోయి 1.5 టర్బో వచ్చింది, సెల్టోస్‌కు 2023లో, క్రెటాకు 2024లో. ఒకే పిండితో ఇద్దరు వేసిన దోసెల్లాంటివి. పెనం వేరు, పక్కన వేసే చట్నీ వేరు.

మన తిరుపతి ఈ రెండు ఫ్యాక్టరీలకూ నడుమ ఉంది. ఒకవైపు శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్, మరోవైపు పెనుకొండ దగ్గర కియా. పెనుకొండ అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడ తొలి సెల్టోస్ 2019 ఆగస్టు 8న బయటికొచ్చింది. మన ప్రాంతపు బండి అన్న అభిమానం మంచిదే. కానీ ఫ్యాక్టరీ దగ్గరుందని పన్ను తగ్గదు. మనకు దగ్గర ఉండాల్సింది సర్వీసు సెంటరు. మీ ఊరికి ఏది దగ్గర, పని నమ్మకంగా చేస్తారా అన్నది ఆ బండి వాడుతున్న ఇద్దరు ముగ్గుర్ని అడిగితే తేలిపోతుంది.

పన్ను మారింది, లెక్కా మారింది

2025 సెప్టెంబరు 22 నుంచి కార్లపై జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజనున్న కారుకు అంతకు ముందు సెస్సుతో కలిపి 29 శాతం పడేది. 1500 సీసీ లోపు డీజిల్ అయితే 31 శాతం. ఇప్పుడు రెండింటికీ 18 శాతమే. క్రెటా, సెల్టోస్ నాలుగు మీటర్లు దాటినవి. వాటికి 45 శాతం నుంచి 40కి మాత్రమే తగ్గింది.

పన్ను కలపక ముందు 8 లక్షలుండే చిన్న పెట్రోలు కారు చూడండి. అప్పట్లో 10 లక్షల 32 వేలు అయ్యేది, ఇప్పుడు 9 లక్షల 44 వేలు. అంటే 88 వేలు మిగులు. పన్ను కలపక ముందు 10 లక్షలుండే పెద్ద కారుకైతే పద్నాలుగున్నర లక్షలు పద్నాలుగైంది, అంతే. అందుకే క్రెటానా, సెల్టోసా అని కొట్టుకునే ముందు వీటి చిన్న చెల్లెళ్లు వెన్యూ, సోనెట్‌లను కూడా ఒకసారి చూడండి. అవీ హ్యుందాయ్, కియాలవే. రెండూ నాలుగు మీటర్ల లోపే. ఇంట్లో నలుగురే ఉండి, సందు ఇరుకైతే పెద్దదాని అవసరం నిజంగా ఉందా?

పేరు చూసి కాదు, వరస చూసి

షోరూములో మనకు చూపించేది ఎప్పుడూ అన్ని హంగులూ ఉన్న బండినే. కొనేది మాత్రం మధ్య రకం. క్రెటాలో ఈ, ఈఎక్స్, ఎస్, ఎస్ఎక్స్ అని వరసలు. సెల్టోస్‌లో హెచ్‌టీఈ, హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్ అని మరో వరస. కారు పేర్లు పక్కన పెట్టి, ఒకే ధరకు వచ్చే రెండు వరసల్ని ఒక కాగితం మీద రాసుకోండి. వెనక ఏసీ గాలి దేంట్లో ఉంది? రివర్స్ కెమెరా? డ్రైవరు సీటు ఎత్తు పెంచుకునే వీలు? అయిదడుగుల మనిషికి ఆ చివరిది పైకప్పు అద్దం కంటే ముఖ్యం.

ఇంకో సంగతి. అక్కాచెల్లెళ్లు ఒకేసారి కొత్త చీర కట్టరు. 2025 డిసెంబరులో కియా రెండో తరం సెల్టోస్‌ను చూపించింది. కాబట్టి పాత తరం కొలతలు, పాత పరీక్షల మాటలు కొత్తదానికి అంటగట్టకూడదు. పాత తరం స్టాకు తగ్గింపు ధరకు ఇస్తామంటే, బండి తయారైన నెల, సంవత్సరం తప్పకుండా అడగండి.

పిల్లల సీటు ముఖ్యం

గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2020లో సెల్టోస్‌ను, 2022లో క్రెటాను గుద్దించి పరీక్షించింది. పెద్దల రక్షణలో రెండింటికీ మూడేసి నక్షత్రాలే. అదే 2022లో మరో అక్కాచెల్లెళ్లు ఫోక్స్‌వ్యాగన్ టైగన్, స్కోడా కుషాక్ అయిదేసి తెచ్చుకున్నాయి. చుట్టరికంలో మంచీ చెడూ రెండూ పంచుకుంటారన్నమాట. ఆ తర్వాత సెల్టోస్‌లో 2022 నుంచి, క్రెటాలో 2023 నుంచి అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ కూడా 2023 అక్టోబరులో మొదలైంది. మీరు కొనే మోడల్‌కు ఏ సంవత్సరం పరీక్షలో ఎన్ని నక్షత్రాలో అడగడానికి మొహమాటపడొద్దు. ఎన్ని నక్షత్రాలున్నా వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే అవి దండగే.

డీజిలా, పెట్రోలా?

పిల్లల్ని బడిలో దించడం, మార్కెట్, బ్యాంకు... ఇలా రోజుకు నాలుగైదు కిలోమీటర్ల తిరుగుడైతే డీజిల్ వద్దు. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగమసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అప్పుడప్పుడూ హైవే మీద తగిన వేగంతో కాసేపు నడిస్తేనే అది శుభ్రపడుతుంది. వారం వారం వేలూరుకో, చెన్నైకో, బెంగళూరుకో వెళ్లేవాళ్లకు డీజిల్ కలిసొస్తుంది. ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించుకుని దిగాలి కనుక, ఆటోమేటిక్ తీసుకునేవాళ్లు గేరు మన చేత్తో మార్చుకునే వీలుందో లేదో చూసుకోవాలి.

వాయిదా చిన్నదే, వడ్డీ పెద్దది

"నెలకు పదహారు వేలే కదమ్మా" అంటారు షోరూమువాళ్లు. 10 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఏడేళ్లు కడితే నెలకు సుమారు 16,090 రూపాయలు. మొత్తం కట్టేది 13 లక్షల 51 వేలు. అదే అయిదేళ్లయితే నెలకు 20,760, మొత్తం 12 లక్షల 45 వేలు. తేడా లక్ష పైనే! రెండు కార్ల మధ్య ధర తేడా కోసం గంటలకొద్దీ బేరమాడి, ఇక్కడ లక్ష వదులుకుంటే ఏం లాభం?

ఇన్సూరెన్సు షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బయట కూడా ధర కనుక్కోండి. 10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది కొన్నవారి పాన్ మీద జమవుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే లెక్కలో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. చాలామంది మరచిపోయే డబ్బు ఇది.

అక్కాచెల్లెళ్లు ఇంకా ఉన్నారు. మారుతీ గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ 2022లో బిడదిలోని టయోటా ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. మొదట్లో మారుతీ వారంటీ రెండేళ్లు, టయోటాది మూడేళ్లు. 2024లో మారుతీ కూడా మూడేళ్లకు పెంచింది. లోపలి బండి ఒకటే అయినప్పుడు తేడా ఇలాంటి కాగితాల్లోనే ఉంటుంది. అవి చదివేది ఎవరు?

మనమే చదువుదాం. టెస్ట్ డ్రైవ్‌కు ఆయనొక్కరే వెళ్లి రావడం కాదు. మీరు స్టీరింగు పట్టండి, అత్తగారిని వెనక సీటులో ఎక్కించి దించి చూడండి, మీ వీధి మలుపులో ఒకసారి తిప్పండి. ఆ తర్వాత ఏ అక్క, ఏ చెల్లెలు అన్నది మీ ఇంటి అవసరమే చెబుతుంది. రంగు సంగతి చివర్లో, అందరూ కలిసి తేల్చుకోవచ్చు.