గుండె ఆగకుండ చచ్చినోడు ఎవడన్న ఉన్నడా?

ఇది పొడుగు పోస్టు. ఇయ్యాల శుక్రవారం, డ్యూటీ లేదు, బట్టలు ఉతుకుడు అయిపోయింది, అందుకే కూసొని రాస్తున్న. రీల్స్ లెక్క పైకి జరిపేటోళ్లు జరుపుకోండి, నాకేం బాధ లేదు. సైటు మీద ఎండల పనిచేసే అన్నదమ్ములు మాత్రం ఆఖరిదాక చదవండి.

పోయిన నెల మా రూంల ఒక మనిషి పోయిండు. పేరు రాయను, వాళ్ల ఇంటోళ్లు ఫేస్‌బుక్ చూస్తరు. మా పక్క మండలమే. 41 ఏండ్లు, షట్టరింగ్ కార్పెంటర్, ఖతార్ వచ్చి ఆరేండ్లు. తాగుడు లేదు, సిగరెట్ లేదు. ఇది ఎందుకు ముందే చెప్తున్ననంటే, ఎవరన్న గల్ఫ్‌ల చచ్చిపోయిండంటే "తాగి ఉంటడు" అని కామెంట్ పెట్టేటోళ్లు మనల్నే ఉన్నరు. ఆ కామెంట్ ఈ పోస్టు కింద పెడితే బ్లాక్ చేస్త.

మూడు రోజుల ముందటి నుంచి పిక్కలు పట్టుకుంటున్నయి అంటున్నడు. ఒంటికి పోతే చాయ్ రంగుల వస్తున్నదన్నడు. ఫోర్‌మన్‌కు చెప్తే క్లినిక్‌కు పంపిండు. అక్కడ రెండు పెనడాల్ గోలీలు ఇచ్చి, నీళ్లు బాగ తాగుమని చెప్పి పంపిన్రు. సిక్ లీవ్ రాయలేదు. రాయకుంటే ఆబ్సెంటే గదా. ఆబ్సెంట్ పడితే ఆ రోజు జీతం పాయె, ఓవర్‌టైం పాయె. మళ్ల డ్యూటీకే పోయిండు. మూడో రోజు రాత్రి సగం అన్నం తిని, తలకాయ నొస్తున్నదని పండుకున్నడు. పొద్దుగాల మూడున్నరకు అందరి ఫోన్లల్ల అలారం మోగింది. అందరం బంద్ చేసుకున్నం. ఆయన ఫోను మోగుతనే ఉన్నది.

డెత్ సర్టిఫికెట్ల ఏం రాసిన్రంటే, గుండె ఆగింది, శ్వాస ఆగింది, సహజ మరణం. నాలుగు రోజులకు మన జిల్లా పేపర్ల చిన్న ముక్క వచ్చింది, పాస్‌పోర్టు ఫొటోతోని. గల్ఫ్‌ల గుండెపోటుతో మృతి. అయిపోయింది. ఎవడు ఫోన్ చేసి ఏ ఎండల పనిచేసిండు, ఎన్ని గంటలు చేసిండు అని అడగలేదు. ఊరి గ్రూపుల అందరు దండం బొమ్మలు పెట్టిన్రు. నేను కూడ పెట్టిన.

గుండె ఆగుడు కారణం ఎట్లయితది? పాము కరిచినా ఆఖరికి గుండెనే ఆగుతది. లారీ గుద్దినా గుండెనే ఆగుతది. ఎందుకు ఆగింది అనేది గదా అడగాల్సింది. 41 ఏండ్ల మనిషి రాత్రి పండుకొని లేవకుంటే అది ఎవరి లెక్కల సహజం?

ఇంకో మాట. ఈ మనిషిని ఇక్కడికి పంపేటప్పుడు హైదరాబాద్‌ల ఖతార్ వీసా సెంటర్‌ల రక్తం తీసిన్రు, ఛాతి ఎక్స్‌రే తీసిన్రు. వేరే గల్ఫ్ దేశాలకు పోయేటోళ్లకు గామ్కా మెడికల్ ఉంటది. ఊపిరితిత్తి మీద చిన్న మచ్చ కనపడితే అన్‌ఫిట్ అని ఎనుకకు పంపుతరు. మనూర్ల ఎంతమంది అట్ల అప్పులపాలైండ్లో మీకు తెలుసు. అంటే వచ్చేటప్పుడు మనం ఫిట్. ఒక్క వంక లేకుండ జల్లెడ పట్టి తెచ్చుకుంటరు. ఆరేండ్లు పనిచేయించుకున్నంక చచ్చిపోతే మాత్రం, ఆయన ఒంట్లనే ఏదో ఉండె అంటరు. రెండు మాటలు ఒక్క నోటితోని ఎట్ల అంటరు?

ఎండ సంగతి మనకు ఎవడు చెప్పనక్కర లేదు. అయినా చెప్త, ఎందుకంటే ఊర్లె ఉన్నోళ్లు కూడ ఇది చదువుతరు. ఖతార్‌ల జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాక పొద్దుగాల 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాక బయట పని బంద్. 2021ల ఈ రూల్ గట్టి చేసిన్రు. అంతేగాదు, ఎండ, ఉక్కపోత, గాలి అన్ని కలిపి కొలిచే మీటరు 32.1 దాటితే ఏ టైమైనా పని ఆపాలని కూడ ఉన్నది. మంచి రూలే, కాదనను. సౌదీల, దుబాయ్‌ల మధ్యాహ్నం రెండున్నర, మూడు గంటలే బంద్ ఉంటది, వాళ్లకంటే మనది నయం. కానీ పది గంటలకు ఆపాలంటే నాలుగున్నరకు ఎక్కాలె. అంటే మూడున్నరకు లేవాలె. మధ్యల ఐదున్నర గంటలు క్యాంపుకు పోయేందుకు బస్సు ఉండదు, సైటు మీద రేకుల కిందనే పడి ఉండాలె. మళ్ల మూడున్నర నుంచి రాత్రి దాక. ఆగస్టుల రాత్రి ఉక్కపోత ఎట్లుంటదో తెలుసు గదా. అంగి పిండితే నీళ్లు కారుతయి. ఎండ ఉండదు గాని చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆ మీటరు ఎక్కడుంటదో నేనైతే ఇంతవరకు చూడలేదు. మీ సైటు మీద చూసినోళ్లు ఉంటే కామెంట్ల చెప్పండి, సంతోషిస్త.

ఇది నేను ఉత్తగ అంటున్న ముచ్చట కాదు. 2009 నుంచి 2017 దాక ఖతార్‌ల చనిపోయిన నేపాల్ కార్మికుల లెక్కలు తీసుకొని డాక్టర్లు, వాతావరణం చూసేటోళ్లు కలిసి ఒక పరిశోధన చేసిన్రు, 2019ల అచ్చయింది. గుండె సంబంధమైన మరణాలు 571 ఉంటే, అండ్ల 200 దాక ఎండ నుంచి సరిగ్గ కాపాడితే ఆపగలిగేటివి అన్నరు. అంతకుముందే 2014ల ఖతార్ ప్రభుత్వం పెట్టుకున్న లాయర్లే తమ రిపోర్టుల రాసిన్రు, ఇట్ల అకస్మాత్తుగ చనిపోయినోళ్లకు పోస్టుమార్టం చెయ్యాలె, దానికి చట్టం మార్చాలె అని. పదేండ్లు దాటింది. ఇక 2022 ఫుట్‌బాల్ కప్పు స్టేడియాలు కట్టినోళ్లల్ల 40 మంది పోతే, పని వల్ల పోయినోళ్లు ముగ్గురే అన్నరు. మిగతా 37 మంది పనికి సంబంధం లేదట. పనికి తప్ప దేనికి రాని మనుషులు, చావు మాత్రం పనికి సంబంధం లేకుండ చచ్చిపోతరు.

సరే, పరాయి దేశం. వాళ్లది వాళ్లు చూసుకుంటరు. మన ప్రభుత్వం సంగతి చూద్దాం.

పదో తరగతి పాస్ కానోళ్లకు, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నోళ్లకు ప్రవాసీ భారతీయ బీమా కట్టనిదే క్లియరెన్స్ ఇయ్యరు. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. దానికి 10 లక్షలు అని పెద్దగ రాసి ఉంటది. కిందికి చూడండి. ప్రమాదంల చనిపోవాలె, లేకుంటే కాలో చెయ్యో శాశ్వతంగ పోవాలె. సహజ మరణానికి ఆ 10 లక్షలు రావు. ఇప్పుడు రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడి కాయితం మనల్ని ఎక్కువమందిని సహజం అంటది. అక్కడి కాయితం సహజానికి పైసలు లేవు అంటది. ఒక్క మాటతోని ఇక్కడి కంపెనీ తప్పించుకునె, అక్కడి బీమా తప్పించుకునె. మా మనిషి పని వల్ల చనిపోయిండని రాసి ఉంటే కంపెనీ పరిహారం కట్టాలె. సహజం అని రాసిన్రు కాబట్టి ఉన్న జీతం, గ్రాచ్యుటీ లెక్క కట్టి చేతులు దులుపుకున్నరు. ఏడాదికి మూడు వారాల బేసిక్ లెక్కన ఆరేండ్లకు ఎంతొస్తదో మీరే వేసుకోండి. మన బేసిక్ ఎంతో నేను రాయనక్కర లేదు.

ఏ కారణంతో చనిపోయినా బీమా ఇచ్చుడు కుదరదు, ఖర్చు ఎక్కువ అని అంటరేమో. మరి ఊర్లె బ్యాంకుల ఏడాదికి 436 రూపాయలు కట్టే జీవన్ జ్యోతి బీమా ఎట్ల ఇస్తున్నరు? దాంట్ల గుండెపోటైనా, జరమైనా 2 లక్షలు వస్తయి. మన తెలంగాణల రైతు బీమా చూడండి. పట్టా ఉన్న రైతు, 59 ఏండ్ల లోపటోడు, ఎట్ల చనిపోయినా 5 లక్షలు. ఎట్ల చనిపోయిండని అడగరు. ఇదే మా రూంమేట్ పేరు మీద పది గుంటల భూమి ఉండి, ఊర్లె మంచంల పండుకొని చనిపోయి ఉంటే ఇంట్లకు 5 లక్షలు వచ్చేది. భూమి నాయన పేరు మీదనే ఉండె. అది చాలకనే గదా ఈడికి వచ్చింది. 275 రూపాయలకు కాకుంటే వెయ్యి రూపాయలు తీసుకోండి, మేం కడతం. ఏజెంట్‌కు చట్టం ప్రకారం 30 వేలు, దాని మీద జీఎస్టీ దాటొద్దు. మనం ఎంతెంత ఇచ్చి వచ్చినమో ఎవరి కడుపుకు వాళ్లకు తెలుసు. అంత ఇచ్చినోడు బీమాకు వెయ్యి రూపాయలు కట్టడా?

రాష్ట్రం చేసింది కూడ చెప్పాలె, లేకుంటే తప్పయితది. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తమని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌ల జీవో ఇచ్చింది. దరఖాస్తు కలెక్టర్‌కు పెట్టుకోవాలె. మంచి పని. ఏండ్ల తరబడి సంఘాలోళ్లు తిరిగి తిరిగి తెచ్చిన్రు, ఎవరో పుణ్యానికి ఇచ్చింది కాదు. కానీ చెక్కు ఇచ్చే ఫొటోల కింద "ఇంకేం కావాలె" అని రాసేటోళ్లను చూస్తే నాకు కోపం వస్తది. ఆ 5 లక్షలు చనిపోయినంక ఇచ్చేటివి. ఎందుకు చనిపోయిండని అడిగేది ఎవరు? ఏ సైటు మీద ఎంతమంది ఇట్ల పోయిన్రు అని రాసిపెట్టేది ఎవరు?

కువైట్ మంగాఫ్‌ల అగ్గి అంటుకున్నది గుర్తుందా? 2024 జూన్ 12. మనదేశం వాళ్లు 45 మంది పోయిన్రు, అండ్ల మన ఆంధ్రోళ్లు ముగ్గురు. కేంద్ర మంత్రి ఉరికిండు. ఎయిర్‌ఫోర్స్ విమానం పోయి అందరిని కొచ్చికి తెచ్చింది. ప్రధాని నిధి నుంచి తలా 2 లక్షలు ప్రకటించిన్రు. చేయాల్సిందే, తప్పులేదు. ఒక్క రాత్రి 45 మంది పోతే దేశం లేచి కూసుంటది. ఒక్కొక్కరుగ, ఒక్కో రూంల, ఒక్కో తెల్లారుగట్ల పోతే కార్గోల సామాను లెక్క వస్తరు. శంషాబాద్‌ల అంబులెన్స్ ఫ్రీ. రాత్రికి రాత్రి ఊరికి పోతది, పొద్దుగాల అయిపోతది.

ఇగ నా సంగతి. ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించిన.

ఆ పొద్దుగాల వాళ్లింటికి ఫోన్ చేసింది నేనే. ఆ చెల్లె ఏడ్సుకుంట ఒక్కటే అడిగింది, "ఏమైందన్నా, మొన్ననే మంచిగ మాట్లాడిండు గదా" అని. నేను గుండెపోటు అమ్మా అన్న. అప్పటికి ఏ డాక్టరూ చూడలేదు. నా నోటికి అదే వచ్చింది. రెండో రోజు వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, పోస్టుమార్టం చేయిస్తరా, కంపెనీ మీద కేసు అయితదా అని అడిగిండు. మందూబ్ నా పక్కనే నిలబడ్డడు. అదంతా పెట్టుకుంటే శవం నెల, రెండు నెలలు ఆగుతది తమ్మీ, ఎంబసీ ఎన్ఓసీ, పోలీసు కాయితం అన్ని మళ్ల మొదటికొస్తయి, తొందరగ పంపించుకుందాం అన్న. నేను అబద్ధం చెప్పలేదు. నిజంగనే ఆగుతది. ఇంట్ల తల్లి అన్నం ముడుతలేదు, పెట్టె ఎప్పుడొస్తదని దినాం పది ఫోన్లు. అసొంటప్పుడు ఎవడు పోస్టుమార్టం అంటడు? తొమ్మిదో రోజు పెట్టె పోయింది. అందరు నన్ను మెచ్చుకున్నరు, దగ్గరుండి మంచిగ పంపిచ్చినవ్ అని. చాయ్ రంగు ఒంటి సంగతి, పిక్కల సంగతి నేను ఎవరికి చెప్పలేదు. పోలీసు రూంకు వచ్చి అడిగినప్పుడు, మంచిగనే ఉండె సార్ అన్న. మిగతా ఐదుగురు అదే అన్నరు. రేపు మా పేర్లు కంపెనీల ఎక్కడ పడతయో అని భయం.

సహజం అని ముద్ర కొట్టింది ఆఫీసోళ్లు. సాక్ష్యం చెప్పింది మేం ఆరుగురం.

అందుకే మీరన్న వినండి. మీ రూంల ఎవరికన్న పిక్కలు పట్టుకొని, ఒంటికి ముదురు రంగు వస్తే, చెమట పట్టుడు ఆగిపోయి ఒళ్లు కాలుతుంటే, మాట తడబడుతుంటే అది జరం కాదు, గోలీతోని పోదు. ఆ రాత్రే ఎమర్జెన్సీకి ఫోన్ కొట్టండి, ఫోర్‌మన్‌ను అడగకండి. క్లినిక్‌కు పోయినప్పుడు ఇచ్చిన చీటీ ఫొటో తీసి ఇంటికి పంపుండ్రి. టైంషీట్ ఫొటో తీసుకోండి. మనిషి పోతే, ముందటి మూడు దినాలు ఏమున్నదో పోలీసుకు చెప్పండి. ఎంబసీకి కూడ రాసి పంపండి. చేయిస్తరో లేదో తర్వాత ముచ్చట, కాయితం మీదనన్న ఉండాలె. ఊర్ల ఉన్నోళ్లు ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు గల్ఫ్ బోర్డు ఎప్పుడు అని అడుగుతరు గదా. దాంతోపాటు ప్రవాసీ బీమాల సహజ మరణం ఎందుకు లేదో కూడ అడగండి. అది పార్లమెంట్‌ల అడగాల్సిన ముచ్చట, ఎంపీనే పట్టుకోవాలె.

విజిట్ వీసా మీద వచ్చి ఇక్కడ మార్చుకున్నోళ్లకు ఆ బీమా కూడ ఉండకపోవచ్చు. ఉన్నోళ్లు ఇప్పుడే ఫోన్ల వెతికి గడువు తారీఖు చూసుకోండి, ఆన్‌లైన్ల రెన్యువల్ అయితది. నాది నిన్న రాత్రి చూసిన. పోయిన ఏడాదే అయిపోయింది.

రేపు మూడున్నరకు లేవాలె. కామెంట్లకు డ్యూటీ అయినంక జవాబిస్త.