మెజారిటీ లెక్క రాజప్రాసాదంలోనా, సభలోనా?

ఏ రాష్ట్రంలో మంత్రివర్గం బలం సందేహంలో పడినా ఢిల్లీలో గవర్నర్ల పాత్రపై చర్చ రేగుతుంది. గవర్నరు పదవి బ్రిటిషు పాలన వదలివెళ్ళిన అవశేషమనీ, రిపబ్లిక్కులో దానికి చోటు లేదనీ కొందరి వాదం. ఆ అవశేషాన్ని రాజుల రూపంలోనే నిలుపుకొన్న మరొక మాజీ వలస దేశం మలేసియా. అక్కడి అనుభవాన్ని మన అనుభవం సరసన ఉంచి చూస్తే, దోషం కిరీటంలో ఉన్నదా, మరొకచోట ఉన్నదా అన్నది తేటపడుతుంది.

తెలుగువారికి అది పరాయి గడ్డ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు బిలాస్‌పూర్, లాల్‌ఖదాన్ వంటి చోట్లకు మనవారు తరలినట్లే, విశాఖ, గోదావరి ప్రాంతాల కూలీలు సముద్రం దాటి మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్ళారు. పేరక్ రాష్ట్రంలోని బగాన్ దాతో ప్రాంతంలో వారి సంతతి స్థిరపడింది.

మలయా 1957 ఆగస్టు 31న స్వతంత్రమైంది. దాని రాజ్యాంగాన్ని రూపొందించిన రీడ్ కమిషన్‌లో అలహాబాదు హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి బి. మాలిక్ ఒక సభ్యులు. తొమ్మిదిమంది వంశపారంపర్య పాలకులు తమలో ఒకరిని ఐదేళ్ళకు దేశాధిపతిగా ఎన్నుకుంటారు. ఆయన సాధారణంగా మంత్రివర్గ సలహాను పాటించాలి. అయితే ప్రధానిని నియమించడంలోనూ, పార్లమెంటు రద్దుకు సమ్మతి నిరాకరించడంలోనూ ఆయనకు విచక్షణాధికారం ఉన్నది. ఒక పక్షానికి స్పష్టమైన ఆధిక్యత ఉన్నంతకాలం ఇది ఒరలోని కత్తి.

1966లో ఆ కత్తిని దూసినది రాజు కాదు, సారవాక్ గవర్నరు. 42 మంది సభ్యుల సభలో 21 మంది సంతకాలున్న లేఖను చూసి ముఖ్యమంత్రి స్టీఫెన్ కలోంగ్ నింగ్‌కాన్‌ను ఆయన తొలగించారు. విశ్వాసం సభలో ఓటుతోనే తేలాలంటూ హైకోర్టు ఆ చర్యను కొట్టివేసింది. కాని ఈ సూత్రం నిలవలేదు. 2009లో పేరక్‌లో 59 స్థానాలకుగాను 31 గెలిచిన కూటమి నుంచి ముగ్గురు జారిపోయారు. సభను రద్దుచేయాలని ముఖ్యమంత్రి నిజార్ కోరగా సుల్తాను అజ్లాన్ షా నిరాకరించి, ప్రత్యర్థి జంబ్రీ చేత ప్రమాణం చేయించారు. బలాబలాలను సభ వెలుపలి ఆధారాలతోనూ నిర్ణయించవచ్చునని 2010లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. 2020లో మహాథిర్ రాజీనామా అనంతరం రాజు అబ్దుల్లా ఎంపీలను ప్రాసాదానికి పిలిపించి ఒక్కొక్కరి అభిప్రాయం తెలుసుకుని, ముహియుద్దీన్‌ను ప్రధానిగా నియమించారు. ఆ మే 18న పార్లమెంటు ఒక్కరోజు సమావేశమైంది; రాజు ప్రసంగం వినడంతో సరి.

దీన్ని రాచరికపు అవలక్షణమని మనం తీసిపారేయలేము. 1984 ఆగస్టు 16ను తెలుగువాడు ఎలా మరువగలడు? ఆనాడు గవర్నరు రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. రామారావు తన శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీకి వచ్చి, రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట నిలిపారు. సభలో లెక్కించవలసిన తలలను రాష్ట్రపతి భవన్‌లో చూపవలసివచ్చింది! వారిని బేరగాళ్ళకు అందకుండా కర్ణాటకలో శిబిరం పెట్టి కాపాడుకోవలసివచ్చింది. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. బలపరీక్షకు వేదిక సభేనని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో తేల్చడానికి 1994 రావలసివచ్చింది.

కేంద్రం ఇష్టం మేరకు పదవిలో ఉండే గవర్నరు కన్న, పాలకపక్షం దయపై ఆధారపడని రాజు మేలనిపించవచ్చు. ముహియుద్దీన్ కోరిన ఎమర్జెన్సీని 2020 అక్టోబరులో రాజు తిరస్కరించిన మాట నిజమే. కాని 2021 జనవరిలో సమ్మతించారు. పార్లమెంటు నెలల తరబడి మూతపడింది. వ్యక్తి స్వతంత్రుడైనంత మాత్రాన సభకు రక్షణ లేదన్నమాట.

2022 నవంబరు ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. రాజు అన్వర్ ఇబ్రహీంను నియమించారు. అన్వర్ డిసెంబరు 19న తానే సభలో విశ్వాస తీర్మానం నెగ్గారు. ప్రాసాదం ఇచ్చిన పదవికి సభ ముద్ర వేయించుకోవడం మంచి సంప్రదాయం. అయితే అది ఒక నాయకుని విజ్ఞతకు వదలవలసిన విషయం కాదు. బొమ్మై తీర్పు మనకు వేదికను చూపింది. గడువును మాత్రం అన్ని సందర్భాలకూ నిర్ణయించలేదు. నియామకం జరిగిన కొద్దిరోజుల్లోనే సభ సమావేశమై తీరాలన్న నిబంధన లేనంతవరకు రాజ్‌భవన్‌కూ, రాజప్రాసాదానికీ తేడా పేరులోనే.