నగరపు కలము ఎవరి చేత?

నగరముల ఖజానాపై పెత్తనము మేయరునకు ఉండవలెనా, కౌన్సిలునకు ఉండవలెనా యను వాదము తరచుగా వినవచ్చుచున్నది. ఇరుపక్షముల మాటలను ఆలకించిన మాకు, ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెతయే స్ఫురించుచున్నది. వారు పంచుకొనదలచిన సొత్తు ఇంకను వారి చేతికి రాలేదు!

1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనుల చట్టమును తెరచి చూడుడు. విశాఖపట్నము, విజయవాడలకును తరువాత దాని నియమములనే వర్తింపజేసిరి. ఆ చట్టము ప్రకారము బడ్జెట్టు అంచనాలను వ్రాయువాడు కమిషనరు. స్థాయీ సంఘము పరిశీలించును, కౌన్సిలు ఆమోదించును. పిమ్మట ఖర్చు పెట్టువాడు మరల కమిషనరే. అతనిని నియమించునదియు, బదిలీ చేయునదియు రాష్ట్ర ప్రభుత్వము. 2002లో హైదరాబాదు పౌరులు మేయరును ప్రత్యక్షముగా ఎన్నుకొనిరి. నగరమంతయు వోటు వేసి పంపిన మేయరునకు దక్కినది అధ్యక్షపీఠము మాత్రమే; కలము కమిషనరు చేతనే నిలిచినది.

పరప్రభుత్వ కాలమున సైతము ఇంతకంటె మెరుగైన దృష్టాంతము కలదు. 1924లో కలకత్తా కార్పొరేషను చిత్తరంజనదాసును మేయరుగా ఎన్నుకొని, సుభాషచంద్రబోసును తన ప్రధాన కార్యనిర్వహణాధికారిగా తానే ఎంచుకొనినది. స్వరాజ్యము వచ్చిన పిదప ఈ హక్కు పెరుగవలసినది పోయి తరుగుట ఏమి న్యాయము? 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 18 విషయములను నగరములకు చూపినది. కాని వానిని అప్పగించుటను రాష్ట్ర శాసనసభల యిష్టమునకు విడిచినది. చిక్కంతయు అచ్చటనే యున్నది.

కౌన్సిలు సభ్యులు కాంట్రాక్టర్లకు లోబడుదురు గాన అధికారియే మేలని కొందరందురు. మనకు స్వపరిపాలనార్హత లేదని దొరలు పలికిన పలుకు ఇదియే కాదా? తప్పు చేసిన ప్రతినిధిని వోటుతో ఇంటికి పంపవచ్చును. బదిలీపై వెడలిపోయిన అధికారిని పౌరుడు ఎచ్చట నిలదీయగలడు?

అట్లని మేయరే సర్వాధికారి కావలెనని మేము కోరుట లేదు. లండను మేయరు తుది బడ్జెట్టును మార్చుటకు 1999 నాటి చట్టము మూడింట రెండువంతుల వోట్లు కావలెనన్నది. అసెంబ్లీ సభ్యులు 25 గురును వోటు వేసినచో, 16 మంది కాదన్నను మేయరు మాటయే చెల్లును. అట్టి గోడ మనకు వలదు. మేయరు వ్రాయవలెను, కౌన్సిలు సామాన్య మెజారిటీతో దిద్దవలెను, కమిషనరు అమలు జరుపవలెను. మేయరునకును, ఆయన మండలికిని కార్యనిర్వహణము నిచ్చు పద్ధతి కలకత్తాలో 1980 నాటి చట్టముతో వచ్చినదే గాన, ఇది గగనకుసుమము కాదు.

పౌరులారా! ఈ చట్టమును మార్చగలది శాసనసభ. ఆ సభకు వోటడుగ వచ్చువారిని గుమ్మముకడ నిలిపి, ఇంటిపన్ను రసీదు చూపి, ఈ సొమ్ముపై కలము ఎవరి చేత పెట్టెదరో చెప్పుడని అడుగుడు. జవాబు చెప్పనివానికి వోటు లేదని చెప్పుడు.